సురసురమన్నప్పుడే ఆగాలి

పోయిన ఆగస్టులో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో 25 కిలోమీటర్ల ట్రైల్ రేసుకి వెళ్లాను. 18 దాకా వచ్చి ఆగిపోయా. కుడి మడమ వెనక పది రూపాయల బిళ్లంత బొబ్బ. అది చిట్లి సాక్సుకి అంటుకుపోయింది. ఎడమ కాలి బొటనవేలి గోరు ఊదా రంగుకి తిరిగింది. హాస్టల్‌కి వచ్చాక ఆ కాళ్లని ఫొటో తీసి స్టేటస్ పెట్టా. పది నిమిషాల్లో రిప్లైలు మొదలు. 'వారియర్' అన్నారు, 'బీస్ట్ మోడ్' అన్నారు, నిప్పు బొమ్మలు, దండం బొమ్మలు పెట్టారు. అదే రేసు పూర్తి చేసిన నా క్లాస్‌మేట్ కాళ్లకి ఒక్క గీత కూడా పడలేదు. తన స్టేటస్‌కి నాకొచ్చిన వాటిలో సగం రిప్లైలు కూడా రాలేదు.

ఆ తేడా నాకు అప్పుడు బాగానే అనిపించింది. నిజం చెప్పాలంటే రేసు పూర్తి చేయలేదన్న బాధ కూడా సగం తగ్గింది. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుగా ఉంది. అందుకే ఈ వ్యాసం. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తా. ట్రైల్ రేసులో కాళ్లు పాడైతే అందులో మెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. చాలాసార్లు అది ముందు చేయాల్సిన చిన్న చిన్న పనులు చేయకపోవడం వల్ల, ఆగాల్సిన చోట ఆగకపోవడం వల్ల వస్తుంది. నా విషయంలో అయితే రెండూ.

ట్రైల్ రన్నింగ్ గురించి తెలియని వాళ్లకి ఒక్క ముక్క. రోడ్డు మీద పరిగెత్తితే ప్రతి అడుగూ దాదాపు ఒకేలా పడుతుంది. కొండదారిలో అలా కాదు. ఒక అడుగు రాయి మీద, ఒకటి వేరు మీద, ఒకటి బురదలో. ఎక్కేటప్పుడు మడమ బూటు వెనక గోడకి ఒరుసుకుంటుంది, దిగేటప్పుడు వేళ్లు ముందు గోడకి గుద్దుకుంటాయి. అనంతగిరి మూసీ నది పుట్టిన చోటు. వానాకాలంలో అక్కడ ఎర్రమట్టి ముద్దముద్దగా బూటుకి అంటుకుంటుంది, ఆ మట్టిలోని చిన్న చిన్న గులకలు ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరతాయి. ఊపిరి సరిపోక ఆగిపోతానేమో అని నేను నెల రోజులు భయపడ్డా. ఊపిరి బాగానే ఉంది. కాళ్ల సంగతి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

ఆరో కిలోమీటర్ దగ్గర మడమ వెనక వెచ్చగా అనిపించింది. నొప్పి కాదు, ఒకలాంటి వేడి. ఇంగ్లిష్‌లో దీన్ని 'హాట్ స్పాట్' అంటారని తర్వాత చదివా. మన బ్రాంచి వాళ్లకి హాట్ స్పాట్ అంటే ఫోన్‌లో ఆన్ చేసేదే కాబట్టి నవ్వొచ్చింది. దాని అర్థం సింపుల్. చర్మం ఇంకా లేవలేదు, కానీ లేవబోతోంది. కోడ్ కంపైల్ చేసినప్పుడు వచ్చే వార్నింగ్ లాంటిది. మనం వార్నింగుల్ని ఎలా చూస్తామో అందరికీ తెలుసు. ఎర్రగా ఎర్రర్ వచ్చేదాకా కిందకి స్క్రోల్ చేస్తూ పోతాం. నేనూ అదే చేశా. పక్కనుంచి ఇద్దరు దాటి వెళ్లారు. ఇప్పుడు కూర్చుని బూటు విప్పితే ఇంకో పదిమంది దాటిపోతారు అనుకున్నా. రెండు నిమిషాలు మిగుల్చుకుందామని చూసి చివరి ఏడు కిలోమీటర్లు పోగొట్టుకున్నా. 18 దగ్గర నీళ్లు ఇచ్చే వలంటీర్ అంకుల్ నా నడక చూసి "కూర్చో అమ్మా, చాలు" అన్నాడు. ఆయన అలా అన్నందుకు లోపల సంతోషపడ్డా కూడా.

మర్నాడు తాతకి వీడియో కాల్ చేశా. మా తాతది జనగామ వైపు పల్లె. జీవితమంతా పొలమే. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మూడేళ్ల కిందట చెప్పులో చిన్న గులకరాయి దూరితే ఆయనకి తెలియలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే నడిచాడు. రాత్రి గచ్చు మీద రక్తపు మరకలు చూసి నాయనమ్మ కేక పెడితే అప్పుడు చూసుకున్నాడు. పుండు పెద్దదై, చీము పట్టి, చివరికి చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది, రక్త ప్రసరణ కూడా తగ్గుతుంది కాబట్టి పుండు తొందరగా మానదు. అప్పటినుంచి రోజూ సాయంత్రం గడ్డం గీసుకునే అద్దం కింద పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటాడు. వేలి సందులు కూడా. చెప్పులు వేసుకునే ముందు వాటిని తలకిందులుగా దులుపుతాడు. మేం చిన్నప్పుడు దాన్ని చూసి నవ్వేవాళ్లం.

ఫోన్‌లో నా మడమ చూపించా. మెచ్చుకుంటాడనే చూపించా.

"గంత బొబ్బ లేసేదాంక తెలువలేదా బిడ్డా?"

"తెలిసింది తాతా. ముందే మంట మొదలైంది."

"మరెందుకాగలే?"

"టైం పోతదని."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "నాకు తెలువక ఏలు పోయింది. నీకు తెలిసింది, అయినా ఆగలే. నాకన్న నువ్వే అధ్వానం గదనే. సురసురమన్నప్పుడే ఆగాలె. బొబ్బ లేసినంక ఆగితే ఏం లాభం?"

హాట్ స్పాట్‌కి తెలుగు మాట ఏంటా అని ఈ మ్యాగజైన్ కోసం డిక్షనరీ వెతుకుదాం అనుకున్నా. ఆ పని తప్పింది. సురసుర. అది మన ఇంట్లోనే ఉంది. అసలు కాళ్ల బాధలకి మన దగ్గర ఉన్నన్ని మాటలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కొత్త చెప్పు కరుస్తుంది. చేతులూ కాళ్లూ కాయలు కాస్తాయి. అరికాల్లో ఆనెకాయ వస్తుంది. మడమలు పగుల్తాయి. భరించలేని వాటి లిస్టు రాస్తూ వేమన చెప్పులో దూరిన రాయినీ, కాల్లో దిగిన ముల్లునీ అందులో చేర్చాడు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఈ మాటలన్నీ తెలుసు. కానీ అవి నా కాళ్లకి సంబంధించినవి అని ఎప్పుడూ అనుకోలేదు. పల్లెలో వాళ్ల కాళ్లకి సంబంధించినవి అనుకున్నా.

తాత అన్న మాట తర్వాత, అసలు బొబ్బ ఎందుకు లేస్తుందో చదివా. చర్మం పైన రాపిడి వల్ల చర్మం అరిగిపోయి బొబ్బ వస్తుందని అనుకునేదాన్ని. అది సగమే నిజం. అడుగు పడ్డప్పుడు లోపల ఎముక ముందుకి కదులుతుంది, పై చర్మం సాక్సుకి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. మధ్యలో ఉన్న పొరలు ఇటూ అటూ లాగబడతాయి. ఒకసారి లాగితే ఏం కాదు. కొన్ని వేలసార్లు లాగితే పై చర్మంలోనే ఒక పొర లోపల చిరుగు పడి, అందులోకి నీరు చేరుతుంది. అదే బొబ్బ. చెమటతోనో నీళ్లతోనో చర్మం తడిగా ఉంటే సాక్సుకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, చర్మం కూడా మెత్తబడుతుంది, కాబట్టి చిరుగు తొందరగా పడుతుంది. వానాకాలంలో, కొత్త బూట్లతో, కాటన్ సాక్సుతో కొండ ఎక్కిన నాకు ఇంకేం రావాలి?

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మా సీనియర్ అక్క అడిగింది కూడా. "మన తాతలు చెప్పుల్లేకుండా నడవలేదా? అలిపిరి మెట్లు 3550, రోజూ ఎంతమంది ఒట్టి కాళ్లతో ఎక్కట్లేదు? వాళ్లకి లేని బొబ్బలు మీకేనా?" మంచి ప్రశ్నే. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని ఇథియోపియాకి చెందిన అబెబే బికిలా బూట్లు లేకుండా పరిగెత్తి గెలిచాడు, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో. మన దేశంలో శివనాథ్ సింగ్ ఉన్నాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానం, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలు. ఆ రికార్డుని దశాబ్దాల పాటు మన వాళ్లెవరూ దాటలేకపోయారు. ఆయనా బూట్లు లేకుండా పరిగెత్తినవాడే.

కానీ ఈ కథల్ని మనం సగమే చెప్పుకుంటాం. బికిలా ఆ రోజు ఉన్నట్టుండి బూట్లు విసిరేసి పరిగెత్తలేదు. ఒట్టి కాళ్లతో పరిగెత్తడం ఆయనకి ముందునుంచీ అలవాటు, సరిపోయే బూట్లు దొరక్క తన పాదాన్ని నమ్ముకున్నాడు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లు వేసుకుని మళ్లీ గెలిచాడు, ఇంకా తక్కువ టైంలో. శివనాథ్ సింగ్ పాదాలకి టేప్ చుట్టుకుని పరిగెత్తేవాడు. అంటే ఇద్దరూ కాళ్లని పట్టించుకోని వాళ్లు కాదు, మనకంటే ఎక్కువ పట్టించుకున్నవాళ్లు. మా తాత కూడా అంతే. కొత్త తోలు చెప్పులు కొంటే ఆముదం రాసి రెండు రోజులు పక్కన పెట్టేవాడట. పొలం నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, పగుళ్లకి నూనె రాసుకున్నాకే అన్నానికి కూర్చునేవాడు. నాకు గుర్తున్నది ఆయన ఒట్టి కాళ్లు మాత్రమే, ఆ తర్వాత చేసే పని కాదు. పదిహేనేళ్లు ఏసీ క్లాసులో బూట్లలో దాచిన పాదాన్ని తీసుకెళ్లి "మన పూర్వీకులు" అని కొండెక్కిస్తే అది పూర్వీకుల మాట వినదు.

రెండో వాదన డబ్బుది. "మంచి బూట్లు కొంటే సరిపోతుంది" అని. నేను కూడా అదే నమ్మా. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచి ఎనిమిది వేలు పెట్టి ట్రైల్ బూట్లు కొన్నా. లోపల వేసుకున్నది మాత్రం మూడు జతలు వంద రూపాయల కాటన్ సాక్సు. పైగా ఆ బూట్లు రేసుకి నాలుగు రోజుల ముందు వచ్చాయి. ఇప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, పాదాల విషయంలో ఖరీదైన వస్తువు ఒక్కటే, అది బూటు. మిగతావన్నీ చవక. కాకపోతే వాటికి టైం పెట్టాలి, ముందు నుంచీ పెట్టాలి. మనం డబ్బు పెట్టడానికి రెడీ, రోజుకి ఐదు నిమిషాలు పెట్టడానికి కాదు. సెమిస్టర్ ఎగ్జామ్స్‌లో కూడా మనది ఇదే పద్ధతి కదా.

విమర్శించి వదిలేస్తే బాగోదు కాబట్టి నేను ఇప్పుడు ఏం చేస్తున్నానో చెప్తా. ఇవేవీ నేను కనిపెట్టినవి కాదు. కొండలు పరిగెత్తేవాళ్లు చాలాకాలంగా చేస్తున్నవే.

మొదట బూటు సైజు. టెన్త్ నుంచి నా కాలు ఆరో నంబరే అనుకుంటూ ఉన్నా. సాయంత్రం పూట కాగితం మీద నిలబడి పెన్సిల్‌తో గీత గీస్తే ఏడు తేలింది. సాయంత్రమే ఎందుకంటే రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, గంటల తరబడి పరిగెత్తితే ఇంకా ఉబ్బుతుంది. అన్నిటికంటే పొడవైన వేలికీ బూటు చివరికీ మధ్య బొటనవేలు పట్టేంత జాగా ఉండాలి. పొడవైనది బొటనవేలే అవ్వాలని లేదు, కొందరికి దాని పక్క వేలు. ఈ జాగా లేకపోతే దిగేటప్పుడు గోరు ప్రతి అడుగుకీ గోడకి గుద్దుకుని, కింద రక్తం చేరి నల్లబడుతుంది. జాగా ఉన్నా మడమ కదలకూడదు. దానికి బూటు పైన చివర్లో ఎవరూ వాడని ఒక ఎక్స్‌ట్రా రంధ్రం ఉంటుంది చూశారా? లేసుని అదే వైపు దాంట్లోకి దూర్చి చిన్న వలయం చేసి, అవతలి లేసు కొసని ఈ వలయంలోంచి లాగి కడితే మడమ పట్టినట్టు ఉంటుంది. ఇన్నేళ్లు ఆ రంధ్రం డిజైన్ కోసం అనుకున్నా.

రేసుకి కనీసం నెల ముందు నుంచి అవే బూట్లు, అవే సాక్సు. రేసు రోజు కొత్త వస్తువు ఏదీ వద్దు. సాక్సు కాటన్ వద్దు, అది చెమట పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. సింథటిక్‌వో ఉన్నివో తీసుకోవాలి. వేళ్ల మధ్య ఒరుసుకునే వాళ్లకి ఐదు వేళ్లు విడివిడిగా ఉండే సాక్సు ఉంటాయి. వేసుకుంటే కప్ప కాళ్లలా కనిపిస్తాయి, హాస్టల్‌లో నవ్వుతారు, నవ్వనివ్వండి.

ప్రాక్టీసు కూడా ట్రెడ్‌మిల్ మీద కాదు. మన గ్రౌండు వెనక మట్టి దారి ఉంది, అది చాలు. వారానికి ఒకరోజైనా రాళ్లూ ఎత్తుపల్లాలూ ఉన్న చోట పరిగెత్తితే చర్మం, చీలమండ రెండూ అలవాటు పడతాయి. పళ్లు తోముకుంటూ ఒంటి కాలి మీద నిలబడటం నా ఇంకో ప్రాక్టీసు. మొదట్లో ఇరవై సెకన్లు కూడా నిలబడలేకపోయా.

కాయలు కాసిన చోట చర్మం గట్టిగా ఉంటుంది కదా, అది మంచిదే అనుకుంటాం. పల్చటి కాయ వరకు ఫర్వాలేదు. మందంగా అయితే దాని కిందే బొబ్బ లేస్తుంది, అప్పుడు దాన్ని అందుకోవడం కష్టం. స్నానం అయ్యాక చర్మం మెత్తగా ఉన్నప్పుడు కాళ్లు రుద్దుకునే రాయితో వారానికి రెండుసార్లు మెల్లగా రుద్దితే చాలు. బ్లేడు పెట్టి కోసుకోవద్దు. గోళ్లు రేసుకి మూడు నాలుగు రోజుల ముందు కత్తిరించుకోవాలి, ముందు రాత్రి కాదు. గుండ్రంగా కాకుండా అడ్డంగా తిన్నగా కత్తిరించి, అంచుని ఫైలుతో రుద్దాలి. వేలితో గోరు మీదుగా రాస్తే ఎక్కడా గీసుకోకూడదు.

ఇక టేప్. మెడికల్ షాపులో గాయాల బ్యాండేజీ అంటించే తెల్ల పేపర్ టేప్ ఉంటుంది. నేను కొన్న రోల్ యాభై రూపాయల లోపే. 2016లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు 250 కిలోమీటర్ల రేసులు పరిగెత్తేవాళ్ల మీద దీన్ని పరీక్షించారు. ఒకే పాదంలో కొన్ని చోట్ల టేప్ వేసి, కొన్ని చోట్ల వేయకుండా వదిలేసి చూస్తే, టేప్ వేసిన చోట బొబ్బలు దాదాపు 40 శాతం తక్కువ వచ్చాయి. ఇంత చవక వస్తువు ఇంత పని చేయడం నాకు భలే నచ్చింది. శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరిన చర్మం మీద, ముడతలు లేకుండా ఒకే పొర వేయాలి. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే సాక్సు వేసుకునేటప్పుడు లేవవు. టేప్ వద్దనుకునేవాళ్లు వ్యాసెలిన్ రాసుకోవచ్చు. కానీ ఒకే చోట రెండూ వద్దు. నేను ఒకరోజు ముందు వ్యాసెలిన్ రాసి దాని మీద టేప్ వేశా. రెండో కిలోమీటర్‌కే టేప్ ఊడి ఉండ చుట్టుకుని, అదే గులకరాయి అయింది. వ్యాసెలిన్‌కి ఇంకో ఇబ్బంది ఏంటంటే, గంట రెండు గంటల్లో పోతుంది, పైగా మట్టిని పట్టుకుంటుంది. దూరం ఎక్కువైతే మధ్యలో తుడిచి మళ్లీ రాసుకోవాలి.

బూట్లోకి మట్టి పోకుండా చీలమండ చుట్టూ తొడిగే గుడ్డ పట్టీలు దొరుకుతాయి. నేను పాత పొడుగు సాక్సు పాదం వరకు కత్తిరించేసి, పై గొట్టాన్ని బూటు మెడ మీదుగా లాగి, పిన్నీసుతో లేసుకి పెట్టా. అందంగా లేదు, పని చేసింది. జిప్ కవర్లో ఒక జత పొడి సాక్సు, కొంచెం టేప్, చిన్న రుమాలు. మొత్తం బరువు ఫోన్ అంత కూడా ఉండదు.

ఇవన్నీ చేసినా సురసుర రావచ్చు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఆగడం. పక్కకి జరిగి, కూర్చుని, బూటు విప్పి, దులిపి, తుడిచి, ఆ చోట టేప్ వేసి, మళ్లీ కట్టుకోవడం. రెండు మూడు నిమిషాల పని. చెప్పడానికి ఇది అన్నిటికంటే తేలిక, చేయడానికి అన్నిటికంటే కష్టం. ఎందుకంటే మిగతా పనులన్నీ గదిలో ఒంటరిగా చేసుకోవచ్చు. ఇది మాత్రం నలుగురు దాటి వెళ్తుంటే చూస్తూ చేయాలి.

అయినా బొబ్బ లేస్తే? చిన్నదై, నొప్పి లేకపోతే ముట్టుకోవద్దు. దాని పైచర్మమే దానికి మంచి బ్యాండేజీ. పెద్దదై నడవనివ్వకపోతే చేతులు కడుక్కుని, బొబ్బనీ, కొత్త సూదినీ యాంటీసెప్టిక్‌తో తుడిచి, అంచు దగ్గర చిన్న రంధ్రం చేసి నీరు తీయొచ్చు. పైచర్మం మాత్రం పీకొద్దు. తర్వాత శుభ్రమైన బ్యాండేజీ వేయాలి. చుట్టూ ఎర్రబడినా, చీము వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికే. ఇంట్లో షుగర్ ఉన్న వాళ్లకి మాత్రం ఈ సూది వైద్యం అస్సలు చేయొద్దు, చిన్న బొబ్బ అయినా డాక్టర్‌కి చూపించాలి.

జనవరిలో అదే కొండల్లో ఇంకో రేసుకి వెళ్లా. మళ్లీ 25. ఐదో కిలోమీటర్‌లో ఒకసారి ఆగా, బూట్లో రాయి. పన్నెండు దగ్గర చెరువు పక్క బురదలో కాళ్లు తడిస్తే సాక్సు మార్చడానికి ఒకసారి. పంతొమ్మిది దగ్గర మడమ వెచ్చబడితే ఇంకోసారి. మూడోసారి కూర్చున్నప్పుడు చీర కట్టుకుని పరిగెత్తుతున్న ఒక ఆంటీ నన్ను దాటుతూ "ఆల్ ది బెస్ట్ బేటా" అంది. ఒళ్లు మండింది. అయినా టేప్ వేసుకునే లేచా. మూడుసార్లకి కలిపి ఏడు నిమిషాలు పోయాయి. 4 గంటల 12 నిమిషాలకి పూర్తి చేశా. గొప్ప టైం ఏం కాదు. చిటికెన వేలి మీద శనగ గింజంత బొబ్బ ఒకటి వచ్చింది కూడా, అక్కడ టేప్ వేయడం మర్చిపోయా. కానీ చివరి రెండు కిలోమీటర్ల దిగుడు పరిగెత్తుతూ దిగా. ఆగస్టులో ఆ దారి నేను చూడనే లేదు.

ఈసారి స్టేటస్‌కి పదకొండు రిప్లైలు వచ్చాయి. లెక్కపెట్టా, ఎందుకు అబద్ధం చెప్పాలి. రక్తం చూపిస్తే వందమంది, జాగ్రత్త చూపిస్తే పదకొండు మంది. ఇందులో తప్పు చూసేవాళ్లది మాత్రమే కాదు. ఆగస్టులో నా క్లాస్‌మేట్ స్టేటస్ చూసి నేను కూడా ఏమీ రాయలేదు. బొబ్బ లేకుండా రావడానికి తను ఏం చేసిందో అడగాలని నాకు తోచలేదు. రేపు ఎవరైనా రాత్రంతా మేలుకుని, తిండి మానేసి, జ్వరంతో హ్యాకథాన్ చేశానని పెడితే మనం పెట్టే నిప్పు బొమ్మలు కూడా ఈ రకమే. శరీరం ఇచ్చే సమాచారాన్ని పక్కన పడేయడం గొప్ప అని ఒకరికొకరం నేర్పుకుంటున్నాం. ఆ సమాచారం అందక వేలు పోగొట్టుకున్న మనిషి ఇంట్లో ఉండి కూడా నేను అదే నేర్చుకున్నా.

రేసు అయిన సాయంత్రం తాతే ఫోన్ చేశాడు. గెలిచావా అని అడగలేదు, ఎన్ని గంటలు పట్టింది అనీ అడగలేదు. "కాళ్లు సూపియ్" అన్నాడు. ఫోన్ కింద పెట్టి రెండు అరికాళ్లూ చూపించా. "ఏలి సందులు" అన్నాడు. అవి కూడా చూపించా. చిటికెన వేలి బొబ్బ దగ్గర కాసేపు ఆగి, "గిది ముట్టకు, అదే పోతది" అన్నాడు. తర్వాత ఆయన వంతు. అద్దంలో కనబడనిది నేను కెమెరాలో చూస్తానని చెప్పా. అప్పటినుంచి ఆదివారం సాయంత్రం ఇద్దరం ఒకరి కాళ్లు ఒకరికి చూపించుకుంటున్నాం. నాయనమ్మకి ఇదో పిచ్చిలా కనిపిస్తోంది.

ఈ ఆగస్టు రేసుకి మన కాలేజీ నుంచి ఫస్టియర్ వాళ్లు చాలామంది పేర్లు ఇస్తున్నారని విన్నా. బూట్లు ఇప్పుడే కొనండి, సాయంత్రం పూట వెళ్లి కొనండి. టేప్ ఎలా వేయాలో తెలియకపోతే గర్ల్స్ హాస్టల్ రెండో ఫ్లోర్‌కి రండి, అబ్బాయిలైతే క్యాంటీన్ దగ్గర కలవండి. రోల్ నా బ్యాగులోనే ఉంటుంది. కాళ్లు కడుక్కుని రండి, అది చాలు.